మోరీకి మతముంటుందా?

మాది నర్సీపట్నం దగ్గర రోలుగుంట. అక్కడ వీధి కాలువ పొంగితే పంచాయతీని తిట్టేవాళ్ళం. బతుకుతెరువుకని హైదరాబాద్ పాతబస్తీకి వచ్చాను. ఇక్కడ మోరీ పొంగితే ‘తురకోళ్ళ బస్తీ అంతేలే’ అంటారు. మా ఊళ్ళో మురుగు పంచాయతీది. ఇక్కడ మురుగు మా మతానిది!

చరిత్ర ఏమంటోంది? 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని మింగింది. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టి ఇరుకు బస్తీల్లో రోడ్లు వేయించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అప్పుడూ ఈ గల్లీల్లో ఉన్నది మా తాత ముత్తాతలే కదా?

అది రాజు దయ, జనం హక్కు కాదు. నిజమే. మరి ఓటొచ్చాక ఏమైంది? 1986లో కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి. మళ్ళీ జరిగింది 2002లో! నగరంలో మెట్రో 2017లో పరుగెత్తింది. పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా వెళ్ళే ఐదున్నర కిలోమీటర్లకు శంకుస్థాపన 2024లో గానీ కాలేదు.

మా ఊరివైపూ ఇదే తంతు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీల గడువు 2018లో తీరితే ఎన్నికలు 2021లో పెట్టారు. మధ్యలో స్పెషలాఫీసర్ల పాలన. అడిగేందుకు సర్పంచి లేడు. ఆ మురుగుకు మాత్రం ఎవరూ మతం అంటగట్టలేదు.

మా పేరు చెప్పి గెలిచినవాళ్ళనూ వదలకూడదు. మేం ఓటేసింది మాకు నమాజు నేర్పడానికి కాదు, మోరీ బాగుచేయించడానికి.

భాయ్, ఖౌమ్ ఇజ్జత్ గురించి రేపు మాట్లాడుకుందాం. ముందు ఈ గల్లీలో మా అమ్మీ కాలు తడవకుండా నడిచే దారి చూపించండి.