హమూలా: ఇజ్రాయెల్ అరబ్బుల వంశబంధాలు, రాజకీయాలు

ఇజ్రాయెల్ పౌరులైన అరబ్బుల్లో, ముఖ్యంగా పల్లెల్లో, ఒకే మూలపురుషుడి సంతతిగా చెప్పుకునే కుటుంబాల సమూహమే హమూలా. పెళ్లి సంబంధాల నుంచి భూతగాదాల దాకా, హత్య జరిగితే కుదిర్చే రాజీ దాకా దాని పెద్దల మాట చెల్లేది.

ఇజ్రాయెల్ ఏర్పడిన 1948 యుద్ధంలో పట్టణాల్లోని చదువుకున్న వర్గం, నాయకగణం చాలామటుకు చెదిరిపోయింది. ఇజ్రాయెల్‌లో మిగిలిన అరబ్బులు సుమారు లక్షన్నర మంది. ఎక్కువగా పల్లె జనం. వారిపై 1966 దాకా సైనిక పాలన సాగింది. ఊరు దాటడానికి అనుమతిపత్రం, ఉద్యోగం, లైసెన్సు, ఏది కావాలన్నా హమూలా పెద్ద సిఫారసు పనికొచ్చేది. బదులుగా వంశం ఓట్లన్నీ పాలక మపాయ్ పార్టీకి, లేదా దాని అండతో నిలబడే అరబ్ జాబితాలకు గంపగుత్తగా పడేవి. 1949 తొలి ఎన్నికల్లోనే అలాంటి నజరేత్ జాబితాకు పార్లమెంటులో (క్నెసెట్) 2 స్థానాలు వచ్చాయి. కాబట్టి హమూలాను పాతకాలపు అవశేషమని కొట్టిపారేయడం సగం నిజమే. దాన్ని ఆధునిక రాజ్యమే పోషించింది.

భూములు పోగొట్టుకున్న రైతు కొడుకులు యూదు నగరాల్లో కూలికి వెళ్లాక పెద్దల పట్టు సడలింది. 1975లో కమ్యూనిస్టు కవి తౌఫీక్ జయ్యాద్ నజరేత్ మేయరయ్యాడు. 1976 మార్చి 30న భూస్వాధీనానికి వ్యతిరేకంగా జరిగిన సమ్మెలో ఆరుగురు చనిపోయారు. ఆ రోజును ఇప్పటికీ భూమి దినంగా పాటిస్తారు. 1981 నాటికి ఆ పార్టీ ఆశ్రిత అరబ్ జాబితాలకు ఒక్క స్థానమూ దక్కలేదు. పాలస్తీనీయులమన్న గుర్తింపు ఓటులోకి వచ్చింది.

స్థానిక ఎన్నికల లెక్క మాత్రం వేరు. పరిశ్రమలు అంతగా లేని ఊళ్లలో కౌన్సిలే పెద్ద యజమాని. బడిలో కొలువు, ఇంటి ప్లాను, కాంట్రాక్టు అక్కడే తేలతాయి. అందుకే పార్లమెంటు ఎన్నికల్లో హదాష్, బలద్ లాంటి పార్టీలకు ఓటేసే మనిషి ఊరి కౌన్సిల్‌కు తన చిన్నాన్న కొడుకునే గెలిపిస్తాడు. అభ్యర్థి ఎవరన్నది చాలాచోట్ల హమూలా లోపలే తేలిపోతుంది. ఆ ఎంపికలో ఆడవాళ్ల మాట దాదాపు వినిపించదు. 1970ల తొలినాళ్లలో కఫ్ర్ యాసీఫ్ కౌన్సిల్‌కు నాయకత్వం వహించిన వయొలెట్ ఖౌరీ అరుదైన మినహాయింపు.

అయితే అన్ని వర్గాలదీ ఒకే దారి కాదు. అరబ్బీ మాట్లాడే మతవర్గమైన ద్రూజుల దారి ఇంకోటి: 1956 నుంచి వారి పురుషులకు సైనికసేవ తప్పనిసరి. నెగెవ్ ఎడారి బెదూయిన్లలో తెగ కట్టు నేటికీ గట్టిదే. ఇస్లామిక్ ఉద్యమ దక్షిణ శాఖకు చెందిన రాఅమ్ పార్టీకి ఈ బెదూయిన్ల ఓట్లే ప్రధాన బలం. 2021 జూన్‌లో దాని నేత మన్సూర్ అబ్బాస్ పాలస్తీనా ప్రశ్నను పక్కనపెట్టి, నిధులకూ బెదూయిన్ గ్రామాల గుర్తింపుకూ హామీలు తీసుకుని పాలక కూటమిలో చేరాడు.