గేరుబాక్సు రొద – ఒక చిన్న చరిత్ర



ప్రత్యేక సంచికకు వృత్తికి సంబంధించిన పాత సంగతి ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. నాది ముక్త్యాల. కృష్ణ ఒడ్డున బల్లకట్టు రేవు, ముక్తేశ్వరస్వామి గుడి మా ఊరి గుర్తులు. నా సర్వీసంతా బస్సుల షెడ్డులో గడిచింది గనుక గేరుబాక్సు రొద గురించి వ్రాస్తున్నాను.

1891లో ఫ్రాన్సులో ఎమిల్ లెవస్సోర్ తన కారులో జరిగే గేర్లు అమర్చాడు. తిరిగే పంటిచక్రాన్ని పక్కకు జరిపి ఇంకొక చక్రంతో కలపటమే ఆ పద్ధతి. రెండింటి వేగం కుదరకపోతే పళ్ళు కొట్టుకొని గరగరలాడేవి. మోటు పద్ధతే అయినా బండి నడిచింది, లోకం అనుసరించింది. 1898లో లూయీ రెనో తన చిన్న కారులో టాప్ గేరు శక్తి పళ్ళ మీదుగా కాక, షాఫ్టు నుండి షాఫ్టుకు నేరుగా అందేటట్లు చేశాడు. 1928లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ సింక్రోమెష్ ప్రవేశపెట్టింది. పళ్ళు కలిసేలోపే రాపిడితో వేగాలు సమానమవుతాయి.

నిటారు పళ్ళు ఒక్కసారిగా తగులుతాయి గనుక ఊళ వేస్తాయి. ఏటవాలు పళ్ళు క్రమంగా కలుస్తాయి గనుక రొద తక్కువ. చాలా కార్లలో రివర్సు గేరుకు నిటారు పళ్ళే ఉంటాయి. వెనక్కి నడిపేటప్పుడు వినిపించే ఊళ అదే.

మన ప్రాంతాల సంగతికి వస్తే, 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా ప్రారంభించింది. సింక్రోమెష్ బస్సులకూ లారీలకూ చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. అందాకా డబుల్ క్లచ్ తొక్కటం వచ్చినవాడే డ్రైవరు. పళ్ళు అరిస్తే ముందుగా నింద పడేదీ అతని మీదే.

నేను పనిచేసిన ఒక షెడ్డులో అదే జరిగింది. జగ్గయ్యపేట–ముక్త్యాల రూటు బస్సు గేరుబాక్సు మూలుగుతోంది. డ్రైవరు మొరటుగా గేర్లు వేసి పళ్ళు విరగ్గొట్టాడని, ఖర్చు అతని జీతంలో కోయాలని పైవారు నిర్ణయించారు. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉన్న మనిషి. "బస్సు ఒకసారి నడిపి విందామండీ" అన్నాను.

న్యూట్రల్‌లో రొద ఉంది. క్లచ్ తొక్కితే ఆగింది. అంటే దోషం క్లచ్ బేరింగులో కాదు, క్లచ్‌తో పాటు ఆగే షాఫ్టుల్లో. రోడ్డెక్కాక కింది గేర్లన్నిటిలోనూ ఒకే మూలుగు. పళ్ళు విరిగితే ఆ ఒక్క గేరులోనే టకటకమనాలి. టాప్ వేయగానే రొద దాదాపు అణిగింది. రెనో ఏర్పాటు ప్రకారం టాప్‌లో లే షాఫ్టు తిరుగుతుందే గాని బరువు మోయదు. కాబట్టి దోషం లే షాఫ్టు బేరింగులో ఉండాలి. ఆయిలు దింపితే సన్నని ఇనుప పొడి వచ్చింది, విరిగిన పన్ను ముక్క ఒక్కటీ లేదు. పెట్టె విప్పితే బేరింగు అరిగి ఉంది, పళ్ళన్నీ నిక్షేపంగా ఉన్నాయి. జీతం కోత రద్దయింది.

ఆ డ్రైవరు పూర్తి జీతంతోనే పదవీ విరమణ చేశాడు. ఎప్పుడో ఫ్రాన్సులో ఒకడు గీసిన గీత మన మెట్ట ప్రాంతంలో ఒక కుటుంబం అన్నం నిలబెట్టింది. మీ షెడ్ల అనుభవాలు కూడా వచ్చే సంచికకు వ్రాసి పంపండి. మనవలు చదువుతారు.