'తాడేపల్లి' అంటే ఎన్ని బైట్లు? పైథాన్ మెమరీ లెక్క ఎలా మారింది

ఈరోజు ఒక్క మాటనే తూకం వేద్దాం: మన ఊరి పేరు, 'తాడేపల్లి'. కంటికి నాలుగు అక్షరాలు. పైథాన్‌కి మాత్రం తొమ్మిది: త, దీర్ఘం, డ, ఏత్వం, ప, ల, పొల్లు, ఇంకో ల, గుడి. ఇంగ్లీషులో రాసినా తొమ్మిది లెటర్లే. మరి రెండూ మెమరీలో ఒకే చోటు తింటాయా? ఒకప్పుడు తినేవి.

పైథాన్ 3.2 రోజుల్లో, లినక్స్‌లో ఎక్కువగా నడిచిన 'వైడ్ బిల్డ్'లో, ఏ భాషైనా క్యారెక్టర్‌కి 4 బైట్లు. అంటే రెండూ 36. వెబ్ యాప్‌లో ఉండేదంతా ఏంటి? హెచ్‌టీఎంఎల్ ట్యాగులు, యూఆర్ఎల్‌లు, డిక్షనరీ కీలు. ఒక్క బైట్‌తో పోయే వాటికి నాలుగు కడుతున్నాం!

2010లో మార్టిన్ వాన్ లూయిస్ 'పెప్ 393' అనే ప్రతిపాదన రాశారు. ఐడియా సింపుల్. స్ట్రింగ్‌లో అన్నిటికంటే పెద్ద నంబరున్న క్యారెక్టర్‌ని చూడు, మిగతా వాటికీ అదే సైజు ఇవ్వు. 2012 సెప్టెంబర్‌లో పైథాన్ 3.3తో ఇది వచ్చింది. జాంగో యాప్ మీద కొలిస్తే మెమరీ 3.2 కంటే రెండు మూడు రెట్లు తగ్గింది.

ఇప్పుడు లెక్క: ఇంగ్లీషు పేరు 9 బైట్లు, తెలుగు పేరు 18. హెడర్ ఖర్చు వేరే. చివర ఒక్క ఫైర్ ఎమోజీ తగిలించండి (గుంటూరోళ్లం, అది లేకుండా కామెంట్ పెట్టం కదా). ఎమోజీకి 4 బైట్లు కావాలి కాబట్టి పదికి పదీ నాలుగేసి. మొత్తం 40.

నవ్వకండి, ఇక్కడే సర్వర్లు పడిపోయేది. క్యాష్‌లో 2 లక్షల కామెంట్లు, ఒక్కోటి 100 క్యారెక్టర్లు అనుకుందాం. ఇంగ్లీషైతే 20 ఎంబీ, తెలుగైతే 40, అన్నిట్లో ఎమోజీ ఉంటే 80. గునికార్న్‌లో నాలుగు వర్కర్లుంటే ఎవరి క్యాష్ వాళ్లదే, అంటే 320. మీది 512 ఎంబీ సర్వర్. ఇంగ్లీషు డేటాతో టెస్ట్ చేసి 'ఓకే' అనుకున్న యాప్‌ని, తెలుగు యూజర్లు రాగానే లినక్సే చంపేస్తుంది.

కొలవడానికి 'గెట్‌సైజాఫ్' ఉంది కానీ, లిస్ట్ ఇస్తే అది సంచి బరువే చెబుతుంది, లోపలి మిరపకాయలది కాదు. అందుకే 2014లో పైథాన్ 3.4తో వచ్చిన, విక్టర్ స్టిన్నర్ రాసిన 'ట్రేస్‌మాలాక్' వాడండి. రిక్వెస్టుల ముందొక స్నాప్‌షాట్, తర్వాతొకటి. రెండూ పోల్చితే ఏ ఫైల్లో ఏ లైను ఎంత పెంచిందో చూపిస్తుంది. దానికీ మెమరీ కావాలి, స్పీడూ తగ్గుతుంది. కాబట్టి ముందు టెస్ట్ సర్వర్‌లో పెట్టండి, తెలుగు కామెంట్లతో, ఎమోజీలతో సహా.