సరిచూడబోతే ఆగిన వణుకు

1987. ఆల్ప్స్ కొండల మధ్య ఉన్న ఫ్రెంచి పట్టణం గ్రెనోబుల్. ఆపరేషన్ బల్ల మీదున్న మనిషి మెలకువగానే ఉన్నాడు. తలకు లోహపు చట్రం బిగించి, పుర్రెకు చిన్న కన్నం పెట్టారు. మెదడుకు నొప్పి తెలియదు, నెత్తి చర్మానికి మత్తిస్తే చాలు. సర్జన్ అలీమ్ లూయీ బెనాబిడ్ సన్నటి ఎలక్ట్రోడ్‌ను మెల్లగా లోపలికి దింపుతున్నారు. రోగి చెయ్యి మాత్రం ఆగకుండా వణుకుతూనే ఉంది.

అప్పట్లో ఈ ఆపరేషన్ అంటే థలామస్ అనే భాగంలో వణుకును నడిపే చిన్న చోటును వేడితో మాడ్చెయ్యడమే. మాడ్చాక మళ్లీ బాగుచెయ్యడం కుదరదు. అందుకే ముందుగా ఆ ఎలక్ట్రోడ్ కొసన కాస్త కరెంటు పెట్టి, చోటు సరైనదో కాదో చూసుకునేవారు. వేళ్లు తిమ్మిరెక్కినా, కండరాలు బిగుసుకున్నా గురి తప్పినట్లు లెక్క. బెనాబిడ్ ఆ కరెంటును తక్కువ వేగం నుంచి పెంచుకుంటూ పోయారు. సెకనుకు వంద సార్ల దగ్గరకు వచ్చేసరికి చెయ్యి నిలిచిపోయింది. కరెంటు తీస్తే వణుకు తిరిగొచ్చింది. పెడితే పోయింది.

ఈ వింత అంతకుముందు ఎవరి కంటా పడలేదని కాదు. 1960 నాటికే జర్మనీలో రోల్ఫ్ హాస్లర్ బృందం దీన్ని గమనించింది. లెనిన్‌గ్రాడ్‌లో నతాలియా బెఖ్తెరేవా మెదడులో ఎలక్ట్రోడ్లు ఉంచి చికిత్సగానూ ప్రయత్నించారు. మద్రాసులో భారతదేశపు తొలి మహిళా న్యూరోసర్జన్ టి.ఎస్. కనక 1970లలోనే అలాంటి ఎలక్ట్రోడ్లు అమర్చారు. అయినా చాలామంది సర్జన్లకు అది గురి చూసుకునే పనిముట్టుగానే మిగిలింది.

బెనాబిడ్‌ను ముందుకు నెట్టింది ఒక చిక్కు. థలామస్‌ను ఒక పక్క మాడ్చితే రెండో పక్క చెయ్యి బాగుపడేది. రెండు పక్కలా మాడ్చితే మాట ముద్దగా మారే ప్రమాదం, మింగడం కష్టమయ్యే ప్రమాదం ఉండేవి. మరి రెండు చేతులూ వణికేవాళ్ల గతేమిటి? ఒక పక్క మాడ్చి, రెండో పక్క ఎలక్ట్రోడ్‌ను అలాగే వదిలేసి కరెంటు పంపుతూ ఉంటే సరి అనుకున్నారాయన. నొప్పి తగ్గించడానికి ఒంట్లో అమర్చే స్టిమ్యులేటర్లు అప్పటికే దొరుకుతున్నాయి. అలా చేసిన ఆపరేషన్ల వివరాలను ఆయన, న్యూరాలజిస్టు పియెర్ పొలాక్ తదితరులతో కలిసి ఆ ఏడాదే ప్రచురించారు.

ఈ వణుకుడు జబ్బు పేరు పార్కిన్సన్స్. దానికి ఆ పేరు రావడానికి కారణమైన జేమ్స్ పార్కిన్సన్ లండన్ వైద్యుడు. 1817లో రాసిన చిన్న పుస్తకంలో ఆయన ఆరుగురి గురించి చెప్పారు. వాళ్లలో కొందరు వీధిలో కనబడినవాళ్లే. మన వైద్యం దీన్ని కంపవాతమంది. లోపం మెదడులో ఎక్కడుందో తెలియడానికి వందేళ్లకు పైగా పట్టింది. ఆలోగా సర్జన్లు చీకట్లో తడుముకున్నట్లే పనిచేశారు.

ఆ తడుములాటకు కొలత తెచ్చింది తల చట్రం. 1908లో లండన్‌లో హార్స్లీ, క్లార్క్ దాన్ని జంతువుల కోసం తయారుచేశారు. 1947లో ఫిలడెల్ఫియాలో స్పీగెల్, వైసిస్ మనిషి తలకు బిగించారు. పుర్రె మొత్తం తెరవకుండా, లెక్కగట్టి, మెదడు లోతుల్లోకి ఎలక్ట్రోడ్ పంపగలిగేది అప్పటినుంచే. 1952లో న్యూయార్క్‌లో ఇర్వింగ్ కూపర్ ఒక పార్కిన్సన్స్ రోగికి ఆపరేషన్ చేస్తుండగా ఒక రక్తనాళం తెగింది. దాన్ని మూసేసి, అనుకున్న పని మానుకున్నారు. రోగి లేచాక చూస్తే పక్షవాతం రాలేదు సరికదా, వణుకూ బిగువూ పోయాయి! పొరపాటున దొరికిన ఆ దారిలో ఆయన తర్వాత ఎన్నో ఆపరేషన్లు చేశారు.

అంతలో మాత్ర వచ్చింది. మెదడులో డోపమైన్ అనే రసాయనం లోటే ఈ జబ్బుకు మూలమని తేలాక, 1961లో వియన్నాలో ఆ లోటు తీర్చే లెవోడోపాను సూదిమందుగా ఇచ్చి చూశారు. 1967లో న్యూయార్క్‌లో జార్జ్ కోట్జియాస్ అదే మందును నోటి ద్వారా ఎక్కువ మోతాదులో ఇస్తే ఫలితం నిలిచింది. ఆ పదార్థం మనకు మరీ కొత్తదేం కాదు. ఒంటికి తగిలితే దురదతో ప్రాణం తీసే దూలగొండి ఉంది కదా, దాని గింజల్లోంచి 1937లోనే మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి లెవోడోపాను వేరుచేశారు. అది వణుకుడు జబ్బుకు పనికొస్తుందన్న సంగతి మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

మాత్రతో ఆపరేషన్ థియేటర్లు ఖాళీ అయ్యాయి. కొన్నేళ్లు గడిచాక మాత్రే మొరాయించింది. వేసుకున్న కాసేపు ఒళ్లు తీగలా మెలికలు తిరగడం, దాని బలం తగ్గగానే కాళ్లు నేలకు అతుక్కుపోవడం. రోగులు వీటినే ‘ఆన్’, ‘ఆఫ్’ అంటారు. బెనాబిడ్ కరెంటుకు విలువ పెరిగింది ఇక్కడే. అయితే థలామస్‌లో పెట్టిన ఎలక్ట్రోడ్ వణుకునే ఆపేది, బిగువునూ నిదానాన్నీ పెద్దగా తగ్గించేది కాదు. వీటికి ఎక్కడ గురిపెట్టాలి?

జవాబు కోతుల ప్రయోగశాల నుంచి వచ్చింది. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ హెరాయిన్ ఎక్కించుకున్న కొందరు యువకులు ఉన్నట్టుండి కొయ్యబారిపోయారు. ఎంపీటీపీ అనే విషం డోపమైన్ కణాలను చంపిందని న్యూరాలజిస్టు విలియం లాంగ్‌స్టన్ తేల్చారు. అదే విషంతో కోతుల్లో ఈ జబ్బు తెప్పించడం సాధ్యమైంది. అమెరికన్ శాస్త్రవేత్త మాలన్ డిలాంగ్ 1960ల చివరినుంచీ కోతుల మెదడు లోతుల్లోని కణాల చప్పుళ్లు వింటున్నవారు. జబ్బు చేసిన కోతుల్లో సబ్‌థలామిక్ న్యూక్లియస్ అతిగా పనిచేస్తోందని ఆయన బృందం చూసింది. ఆ భాగాన్ని దెబ్బతీస్తే కోతులు మళ్లీ కదిలాయి. 1990లో ఆ ఫలితం ‘సైన్స్’ పత్రికలో వచ్చింది.

సర్జన్లకు మాత్రం సబ్‌థలామిక్ న్యూక్లియస్ పేరు వింటేనే భయం. అక్కడ రక్తస్రావమైన మనుషులు కాళ్లూ చేతులూ విసిరేసుకుంటారని వాళ్లకు తెలుసు. మాడ్చడానికి చెయ్యి ఆడని చోట కరెంటు పెట్టడానికి ధైర్యం చెయ్యొచ్చు, ఎందుకంటే తేడా వస్తే స్విచ్ తిప్పి ఆపేయొచ్చు. 1993లో గ్రెనోబుల్ బృందం తొలి రోగికి అక్కడ ఎలక్ట్రోడ్ అమర్చింది. 1998లో వచ్చిన వాళ్ల నివేదికలో, ఏడాదిపాటు గమనించిన 20 మందికి మందు లేని వేళ కదలికలు దాదాపు 60 శాతం మెరుగుపడ్డాయి. మందుల మోతాదు సగానికి తగ్గింది. అమెరికా ప్రభుత్వం వణుకు కోసం 1997లో, పార్కిన్సన్స్ కోసం 2002లో అనుమతిచ్చింది. 2014లో లాస్కర్ పురస్కారాన్ని బెనాబిడ్‌కూ డిలాంగ్‌కూ కలిపే ఇచ్చారు. ఇంతకూ ఆ కరెంటు కణాలను అణుస్తోందా, వాటి తప్పు తాళాన్ని చెదరగొడుతోందా అన్న వాదన ఇంకా తెగలేదు.

ఇప్పుడు ఈ ఆపరేషన్ హైదరాబాదు నిమ్స్‌తో సహా మన దేశంలో చాలాచోట్ల జరుగుతోంది. చాలా థియేటర్లలో కణాల విద్యుత్తును స్పీకర్‌లో వింటూ ఎలక్ట్రోడ్‌ను దింపుతారు. నిశ్శబ్దంగా ఉన్న స్పీకర్ ఒక్కసారిగా రేకుల కప్పు మీద వాన పడ్డట్టు మోగితే, సబ్‌థలామిక్ న్యూక్లియస్‌లోకి అడుగుపెట్టినట్లు. అక్కడ మిల్లీమీటరున్నర కూడా లావు లేని ఎలక్ట్రోడ్‌ను ఉంచి, చర్మం కిందుగా తీగ లాగి, ఛాతీలో బ్యాటరీ పెడతారు. ఖర్చు లక్షల్లోనే. మామూలు బ్యాటరీ అయితే కొన్నేళ్లకోసారి మార్చాలి. జబ్బు ముదరడం కూడా ఆగదు.

ఈ ఆపరేషన్ ఎవరికి పనికొస్తుందో తేల్చేది మాత్రం పాత మాత్రే. రాత్రినుంచి మందు మాన్పించి, పొద్దున్నే నడిపిస్తారు, వేళ్లు ఆడించమంటారు, కుర్చీలోంచి లేవమంటారు. తర్వాత లెవోడోపా ఇచ్చి, అవే పనులు మళ్లీ చేయిస్తారు. వణుకు ఒక్కదాన్ని పక్కన పెడితే, ఆ పొద్దుటి పరీక్షలో మాత్రకు లొంగని లక్షణం కరెంటుకూ సాధారణంగా లొంగదు.