ముందు గుమ్మానికి, తరవాత కిటికీకి

మా శ్రీకాకుళం వైపు పాత ఊళ్ళలో ఇళ్ళు వరుసగా ఉంటాయి. పక్కింటివాళ్ళ గోడే మన గోడ. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇంటి కొప్పు ఒకటే పోతుంది. ముందు వీధి గుమ్మం, వెనక పెరటి గుమ్మం, మధ్యలో రైలుపెట్టెలా పొడుగ్గా సాగిన ఇల్లు. పక్కగోడకి కిటికీ పెట్టుకుంటే అది పక్కింటి వంటింట్లోకి తెరుచుకోవాలి. మూలపేటలో నేను పుట్టిన ఇల్లూ ఆ తీరుదే. కిటికీయే లేని ఇంటికి కిటికీ తెర ఎక్కడిది? మా దగ్గర కర్టెన్ కథ గుమ్మం దగ్గర మొదలవుతుంది.

సముద్రం ఒడ్డున గంగపుత్రుల పేటల్లో ఇంకా పాతకాలపు తీరు ఉండేది. చుట్టిళ్ళు. గుండ్రంగా మట్టి గోడ, దాని మీద టోపీలా కాకుండా నేలదాకా దిగివచ్చే తాటాకు కప్పు. నడుం వంచి దూరాలి. తుపాను గాలికి పట్టు దొరక్కుండా అలా కట్టుకున్నారు. వాటికి తలుపు స్థానంలో తడికే. వెలుతురు రావాలంటే తడిక తీస్తారు, కుక్క రాకూడదంటే వేస్తారు. అందులో గుడ్డకి పనే లేదు.

వరుస ఇళ్ళలో మాత్రం గుడ్డకి పనుంది. వీధి అరుగు మీద ఎవరైనా కూర్చోవచ్చు. వసారాలోకి తెలిసినవాళ్ళు వస్తారు. నట్టింట్లోకి చుట్టాలు. ఆపైన వంటిల్లు, అక్కడికి ఇంటివాళ్ళే. వీధిలో నిలబడి చూస్తే రెండు గుమ్మాల మీదుగా పెరట్లో బాన దాకా కనిపించే ఇంట్లో, ఎవరు ఎంతవరకు రావాలో చెప్పడానికి ఏదో ఒకటి అడ్డం ఉండాలి. పగలు తలుపు మూస్తే గాలి ఆగిపోతుంది, పైగా పగలు తలుపేసుకున్న ఇంటి గురించి ఊరు నాలుగు రకాలుగా అనుకుంటుంది. అందుకని నట్టింటి గుమ్మానికి పాత చీర కట్టేవారు. ద్వారబంధానికి అటొక మేకు, ఇటొక మేకు, మధ్యన కొబ్బరి తాడు. చీరని సగానికి చింపి, పై అంచు మడిచి, చేతికుట్టు వేసి తాడు దూర్చేవారు.

మా నాయనమ్మ గుమ్మంలో వేలాడిన చీర నాకు బాగా గుర్తు. ముదురాకుపచ్చ నేత చీర, పసుపు అంచు. మోకాలి ఎత్తున పిల్లల చేతుల జిడ్డు, దానికి జానెడు పైన పెద్దవాళ్ళు పట్టుకు తప్పించే చోట రంగు వెలిసిన మరక. వంటింటి వైపున్న ముఖం పొగచూరి ఉండేది, వసారా వైపు ముఖం ఎండకి తెల్లబడి ఉండేది. సంక్రాంతికి ఉతికి తిరగేసి కట్టేది. కొత్త అల్లుడు వసారాలో భోజనానికి కూర్చుంటే అత్తగారు ఆ చీర వెనక నించునే, ‘ఇంకాస్త పప్పు ఎయ్యండే గుంటలూ’ అనేది. మర్యాద అంతా ఆ చింపిన చీర మోసేది. ఇప్పుడు తలుచుకుంటే అందులో ఆడవాళ్ళకి సుఖం ఎంత, చెర ఎంత అన్నది నాకు తేలదు. చీర వెనక ఉన్నవాళ్ళకి వసారా అంతా కనిపించేదనీ, వసారాలోవాళ్ళకి వాళ్ళు కనిపించేవారు కాదనీ మాత్రం చెప్పగలను.

ఘోషా పాటించింది మాలాంటి రైతుకూలి ఇళ్ళు కావు. పర్లాకిమిడి, టెక్కలి, మందసా జమీందారీల్లో రాచకుటుంబాలకి ఆ కట్టుబాటు ఉండేది. పల్లకీకి తెర, సవారీ బండికి తెర. పొలంలో ఊడ్పులకి వెళ్ళే ఆడమనిషికి ఏం ఘోషా? కానీ పెద్దిళ్ళ అలవాటు చిన్నిళ్ళకి కొంచెం కొంచెంగా దిగుతుంది. గుమ్మం చీర అలా దిగిందే అని నా అనుమానం. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది, ఆ ఇళ్ళ పరదాలు చివికిపోయాయి, మా ఇళ్ళలో చీరలు మాత్రం మిగిలాయి.

తెరంటే మా పిల్లలందరికీ తెలిసిన ఇంకో చోటు తూర్పు భాగవతం. ఇద్దరు మనుషులు రెండు కొసలు పట్టుకుని నిలబడితే అదే తెర. సత్యభామ ముందు కనబడదు, తెర మీదుగా జడ పడుతుంది. ఆ జడ చూడ్డానికి తెల్లవార్లూ కూర్చునేవాళ్ళం. పెళ్ళిలో అడ్డుతెరదీ అదే పని, జీలకర్ర బెల్లం పెట్టేదాకా.

బడిలో ముప్పై ఏళ్ళకి పైగా సోషల్ చెప్పినవాణ్ణి కనక ఒక విడ్డూరం చెప్పాలి. మనవాళ్ళు పాత చీర చింపి గుమ్మానికి కట్టుకుంటే, మచిలీపట్నం నుంచి కిందికి కోరమాండల్ తీరమంతా అద్దకం చేసిన గుడ్డలు ఓడలెక్కి వెళ్ళి ఇంగ్లండు, హాలండు ఇళ్ళలో మంచాల చుట్టూ తెరలై వేలాడాయి. 1663 సెప్టెంబరులో లండన్ ఉద్యోగి శామ్యూల్ పీప్స్ తన భార్య కొత్త గది గోడలకి వేయించడానికి రంగులద్దిన భారతదేశపు గుడ్డ కొన్నానని డైరీలో రాసుకున్నాడు. మోజు ఎంత ముదిరిందంటే ఇంగ్లండు నేతగాళ్ళు తిరగబడ్డారు. 1700లో మన అద్దకం గుడ్డల దిగుమతి మీద నిషేధం పెట్టారు. 1721లో అలాంటి గుడ్డ కట్టుకోవడమే కాదు, ఇంటి సామాను మీద వాడడం కూడా నేరం చేశారు. కర్టెన్ కోసం పార్లమెంటు చట్టం చేసిన దేశం వాళ్ళది! నేసి అద్దినవాడి ఇంటికి మాత్రం అది కిటికీ తెరగా రాలేదు.

మా ఇళ్ళకి కిటికీ తెర వచ్చింది సర్కారు కచేరీల మీదుగా. మా నాన్న టెక్కలి బజారులో మిషను పెట్టుకున్న దర్జీ. ఆయనకి మొదట వచ్చిన కర్టెన్ బేరాలన్నీ ఆఫీసులవి, ట్రావెలర్స్ బంగళావి, ఆస్పత్రివి. గుడ్డ కేస్‌మెంటు, రంగు ఆకుపచ్చ, మాట్లాడ్డానికేం లేదు. పై అంచున గొట్టంలా మడిచి కుట్టడం, అందులోంచి తెల్ల ప్లాస్టిక్కు తొడుగున్న స్ప్రింగు తీగ దూర్చడం, రెండు కొసలా కొక్కేలకి తగిలించడం. కొత్తలో తీగ బిగువుగా ఉంటుంది, ఏడాది తిరిగేసరికి నడుమ జారి కిటికీ పైభాగం జానెడు బయటపడుతుంది. ఆ జానెడు సందులోంచే లోపల ఆఫీసరున్నదీ లేనిదీ జనం చూసుకునేవారట. మా నాన్న కొలత పద్ధతి ఒకటే: కిటికీ వెడల్పుకి రెండింతలు గుడ్డ. ‘తక్కువేస్తే కుచ్చిళ్ళు రావు, దుప్పటి ఆరేసినట్టుంటాది’ అనేవాడు. ఆఫీసులవాళ్ళు ఎప్పుడూ ఒకటింపావే ఇచ్చేవారు.

ఇళ్ళ బేరాలు స్లాబు ఇళ్ళతో వచ్చాయి. వసారా పోయి హాలు వచ్చింది. హాల్లోకి టీవీ వచ్చింది, టీవీ మీద వెలుగు పడకుండా కిటికీకి గుడ్డ కావలసొచ్చింది. ఉద్దానం కుర్రాళ్ళు ఊళ్ళు దాటి పనులకెళ్ళి పంపిన డబ్బుతో తాటాకిళ్ళు కొన్ని మారాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను మిగిలినవాళ్ళ మనసులు మార్చింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, రేకులు ఎగిరిపోయాయి. అప్పులు చేసైనా స్లాబు వేసినవాళ్ళు నాకు తెలుసు. స్లాబుతోపాటు పక్కకి జరిపే అద్దాల కిటికీలొచ్చాయి. అద్దానికి తెర తప్పదు, చెక్క రెక్కలకి అవసరముండేది కాదు.

2023 ఏప్రిల్ 19న మూలపేట పోర్టుకి శంకుస్థాపన జరిగింది. పోర్టుకి ఊళ్ళు వదులుకున్న మూలపేట, విష్ణుచక్రం మనుషులకి నౌపడ దగ్గర పునరావాస కాలనీ. మా తమ్ముడి కూతురు అక్కడ ఇల్లు కట్టుకుంటూ నన్ను కాశీబుగ్గ దుకాణానికి వెంటబెట్టుకెళ్ళింది. కుర్రాడు వరసగా పరిచాడు: పాలిస్టరు, జకార్డు, ఎండని పూర్తిగా ఆపేదొకటి. కిటికీకి ఐదడుగులు, గుమ్మానికి ఏడడుగులు, అన్నీ రెడీమేడ్, పైన స్టీలు రింగులు. నౌపడ ఉప్పు మళ్ళ ఊరు, అక్కడి గాలికి మామూలు రింగు తుప్పుపట్టి గుడ్డ మీద చుట్టూ గోధుమరంగు మరక పెడుతుంది. అందుకని రింగులొద్దు, పైన గొట్టంలా కుట్టించుకో, చెక్క కర్రకి దూర్చుకో అన్నాను.

గుడ్డ సూరత్‌దన్నాడు కుర్రాడు. సూరత్ మరమగ్గాల మీద ఒడిశా గంజాం మనుషులు పెద్దసంఖ్యలో పనిచేస్తారు. 1936 దాకా టెక్కలీ మేమూ ఆ గంజాం జిల్లాలోవాళ్ళమే. ఆ మాట అమ్మాయికి చెబితే, ‘అయితే మనవోళ్ళు నేసిందే, ఇంకేటి పెదనాన్నా, రంగు సెప్పు’ అంది. సన్నటి నేతకి పేరుపడ్డ పొందూరు ఖద్దరు మన జిల్లాదే కదా అని నోటిదాకా వచ్చింది. ఆ బట్ట ఉప్పుగాలికి, ఎండకి కిటికీలో వేలాడదియ్యమని చెప్పడం పాపం.

రంగు దగ్గర అరగంట పట్టింది. ఎర్రమట్టి రేగే కాలనీకి లేతరంగు పనికిరాదని నేను, హాలు చీకటవుతుందని తను. కిటికీలకి బూడిదరంగు దగ్గర రాజీపడ్డాం. ఇంకొకటి తేలలేదు. కొత్త ప్లానులో హాలుకీ వంటింటికీ మధ్య తలుపు లేదు, ఆర్చి ఉంది. మేస్త్రీ అదే ఫ్యాషనన్నాడట. ‘ఎవలొచ్చినా పొయ్యి దాకా కనిపిస్తాది పెదనాన్నా, దానికి ఏడడుగులది సరిపోదు’ అంది అమ్మాయి. తొమ్మిదడుగులది రెండు ముక్కలు, ముదురాకుపచ్చ, కొలిచి కుట్టించాలని చీటీ మీద రాయించి అడ్వాన్సిచ్చింది. కిటికీలవి తరవాత తీసుకుంటానంది.