తరగతి బయటి చదువుకు క్రెడిట్: అమెరికా ‘హ్యుమానిటీస్’ పరీక్ష – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

అమెరికాలో కళాశాల తరగతికి హాజరు కాకుండానే, తొంభై నిమిషాల పరీక్ష ఒకటి రాసి, సాహిత్య కళా విషయాల్లో డిగ్రీకి చెల్లే క్రెడిట్లు పొందే వీలుంది. ఇలాంటి అవకాశాల్లో ప్రసిద్ధమైనది కాలేజీ బోర్డు నిర్వహించే ‘కాలేజీ లెవెల్ ఎగ్జామినేషన్ ప్రోగ్రామ్’. దీన్ని ‘క్లెప్’ అని వ్యవహరిస్తారు. అందులోని ‘హ్యుమానిటీస్’ పరీక్ష, ఎవరికి వారు సంపాదించుకున్న చదువును గుర్తించడానికి పుట్టింది. క్రమంగా ఆ పరీక్ష కోసమే చదవడం ఒక ప్రత్యేక వ్యాపకంగా మారింది. ఈ మార్పుకు మూలం పరీక్ష నిర్మాణంలోనే ఎలా ఉందో దాని పూర్వచరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిభాష విషయంలో ఒక మాట చెప్పుకోవాలి. ‘హ్యుమానిటీస్’ను తెలుగులో మానవీయ శాస్త్రాలు అంటున్నాం. మన వాడుకలో చరిత్ర కూడా తరచుగా దాని కిందికే వస్తుంది. క్లెప్‌లో చరిత్ర సాంఘిక శాస్త్రాల వైపు వెళ్ళింది. కాబట్టి ఈ పరీక్ష సందర్భంలో హ్యుమానిటీస్ అంటే ప్రధానంగా సాహిత్యం, లలితకళలు అని గ్రహించాలి.

2. గంటల లెక్క, దానిపై తిరుగుబాటు

చదువును గంటల్లో కొలవడం సహజమైన పద్ధతేమీ కాదు. దాని పుట్టుక అధ్యాపకుల పింఛన్లతో ముడిపడి ఉంది. 20వ శతాబ్ది తొలి దశాబ్దంలో కార్నెగీ ఫౌండేషన్ కళాశాల అధ్యాపకులకు పింఛన్లు ఇవ్వడానికి పూనుకుంది. అసలు ‘కళాశాల’ అంటే ఏది అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పవలసి వచ్చింది. ఉన్నత పాఠశాలలో 14 ‘యూనిట్లు’ పూర్తిచేసినవారిని చేర్చుకునేదే కళాశాల అన్నది నిర్వచనంలో ఒక భాగం. ఒక యూనిట్ అంటే దాదాపు 120 గంటల బోధన. 1910లో అదే ఫౌండేషన్ కోసం మోరిస్ కుక్ అనే ఇంజనీరు రాసిన నివేదిక, కర్మాగారంలో ఉత్పత్తిని లెక్కించినట్లు కళాశాల పనిని ‘విద్యార్థి గంట’తో లెక్కించాలని సూచించింది. పాలనకు ఇది ఎంతో అనువైన కొలమానం. విద్యార్థికి ఏం వచ్చు అన్న విషయాన్ని మాత్రం అది చెప్పదు.

ఈ లోపాన్ని ఎదుర్కొన్న తొలి పెద్ద ప్రయత్నాల్లో షికాగో విశ్వవిద్యాలయం 1931లో అమలుచేసిన ‘న్యూ ప్లాన్’ ఒకటి. అప్పటి అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్. హ్యుమానిటీస్‌తో సహా విశాలమైన సాధారణ పాఠ్యక్రమాలను ప్రవేశపెట్టి, తరగతి హాజరును ఐచ్ఛికం చేశారు. విద్యార్థి తాను సిద్ధమయ్యానని అనుకున్నప్పుడు సమగ్ర పరీక్షకు కూర్చోవచ్చు. పాఠం చెప్పిన అధ్యాపకుడి చేతిలో ఉండిన మూల్యాంకనం ప్రత్యేక పరీక్షా మండలికి మారింది. ‘తెలిస్తే చాలు, ఎక్కడ నేర్చుకున్నావన్నది అడగం’ అన్న భావనకు ఇక్కడ సంస్థాగత రూపం లభించింది.

3. సైనికుల చదువు

ఈ భావన విశ్వవిద్యాలయ ప్రాంగణం దాటి విస్తరించడానికి యుద్ధం కారణమైంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పలు కళాశాలలు తిరిగివచ్చిన సైనికులకు వారి సేవాకాలాన్ని బట్టి మూకుమ్మడిగా క్రెడిట్లు ఇచ్చి విమర్శల పాలయ్యాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ పొరపాటు పునరావృతం కాకూడదని విద్యావేత్తలు భావించారు. 1942లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో సైనికుల దూరవిద్య కోసం ఒక సంస్థ ఏర్పడింది. తర్వాత అది ‘యునైటెడ్ స్టేట్స్ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ఇన్‌స్టిట్యూట్’గా పేరు పొందింది. దానికోసం ఇ.ఎఫ్. లిండ్‌క్విస్ట్ నాయకత్వంలో రూపొందినవే ‘జి.ఇ.డి.’ పరీక్షలు.

ఇక్కడ కాస్త ఆగి చూడవలసిన అంశం ఉంది. ఆ పరీక్షల్లో సాహిత్యానికి కేటాయించిన భాగం పేరే ‘సాహిత్య రచనల వ్యాఖ్యానం’. అభ్యర్థి ముందు ఒక పద్యాన్నో గద్యభాగాన్నో ఉంచి, దాన్ని ఎలా అర్థం చేసుకున్నాడో ప్రశ్నలు అడిగేవారు. గ్రంథకర్తల పేర్లు కంఠస్థం చేసినా ఆ భాగంలో ఒరిగేది తక్కువ. నౌకలోనో శిబిరంలోనో చేతికందిన పుస్తకాలు చదివిన సైనికుడికి అది న్యాయమైన పరీక్ష. ఏ పుస్తకాలు చదివాడన్నది కాకుండా ఎలా చదవగలడన్నదే అక్కడ ప్రధానం.

4. క్లెప్: నిర్మాణంలోని చిక్కు

1967లో కాలేజీ బోర్డు క్లెప్‌ను ప్రారంభించింది. వయోజనులను, ఉద్యోగులను, మధ్యలో చదువు మానినవారిని దృష్టిలో ఉంచుకుని రూపొందిన ఈ కార్యక్రమంలో ఐదు సాధారణ పరీక్షలు ఉండేవి: ఆంగ్ల రచన, హ్యుమానిటీస్, గణితం, ప్రకృతి శాస్త్రాలు, సాంఘిక శాస్త్రాలు–చరిత్ర. వీటికి తోడు విడివిడి పాఠ్యవిషయాల పరీక్షలు వచ్చాయి.

హ్యుమానిటీస్ పరీక్షలో 90 నిమిషాలకు సుమారు 140 బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉంటాయి. అంటే ఒక్కో ప్రశ్నకు దక్కేది నలభై సెకన్ల లోపే. సగం సాహిత్యం, సగం చిత్రలేఖనం, శిల్పం, వాస్తు, సంగీతం, నృత్యం, చలనచిత్రం వంటి కళలు. కాలపరిధి ప్రాచీన గ్రీకుల నుంచి సమకాలికుల దాకా. స్కోరు 20–80 మధ్య ఉంటుంది. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ 50ని క్రెడిట్ ఇవ్వదగిన స్థాయిగా సూచిస్తుంది. ఆ సూచనను పాటించాలో లేదో ప్రతి కళాశాల తానే నిర్ణయించుకుంటుంది.

కాలేజీ బోర్డు ప్రకటించిన విభజన మరింత ముఖ్యం. సగం ప్రశ్నలు వాస్తవ సమాచారంపైన, 30 శాతం కళా సాహిత్య నిర్మాణ పద్ధతులను గుర్తించడంపైన ఉంటాయి. అభ్యర్థికి బహుశా పరిచయం లేని రచనలనూ చిత్రాలనూ అర్థం చేసుకోవడానికి మిగిలేది 20 శాతం. జి.ఇ.డి.లో కేంద్రంలో ఉన్న పఠనం ఇక్కడ ఐదోవంతుకు కుదించుకుపోయింది. దీన్ని కేవలం పరీక్షకుల సంకుచితత్వంగా చూడడం సరికాదు. మూడు వేల ఏళ్ళ కళలను ఒక పూటలో, యంత్రం దిద్దగల రూపంలో కొలవాలంటే పేర్లు, కాలాలు, శైలులు అనివార్యంగా ముందుకొస్తాయి. పరిధి విస్తరించేకొద్దీ లోతు తగ్గడం ఈ నమూనాలోనే ఉంది.

5. సన్నద్ధత: రెండు దారులు

నాటకాలు చూడడం, కళా ప్రదర్శనశాలలకూ కచేరీలకూ వెళ్ళడం, విస్తృతంగా చదవడం ఈ పరీక్షకు తోడ్పడతాయన్నది నిర్వాహకుల అధికారిక సలహా. మూల ఉద్దేశానికి ఇది అనుగుణమైనదే. కానీ రాత్రి షిఫ్టులో పనిచేసే వ్యక్తికీ, పిల్లల బాధ్యత మోసే తల్లికీ, స్థావరం మారుతూ ఉండే సైనికుడికీ అది నెలల్లో సాధ్యమయ్యే పని కాదు. ఒక పాఠ్యక్రమానికి కట్టవలసిన ఫీజుతో పోల్చితే పరీక్ష రుసుము చాలా తక్కువ. అర్హులైన సైనికులకు ఆ రుసుమును రక్షణశాఖకు చెందిన ‘డాంటిస్’ చెల్లిస్తుంది. కాబట్టి అభ్యర్థులు సన్నద్ధతా పుస్తకాలను ఆశ్రయించడాన్ని తప్పుపట్టలేం. కళాకారుడు, ఉద్యమం, ప్రసిద్ధ కృతి అనే మూడు నిలువుగీతల పట్టికే ఆ పుస్తకాలకు ప్రాణం. మోనే పేరు కనపడగానే ఇంప్రెషనిజం గుర్తుకు రావాలి. ఆ చిత్రంలో వెలుతురు ఎందుకలా చెదిరిందో చెప్పలేకపోయినా ఫర్వాలేదు.

అయితే ప్రశ్నల విభజనను శ్రద్ధగా గమనిస్తే మరో దారి కనిపిస్తుంది. పద్ధతులకు చెందిన 30 శాతం, అపరిచిత రచనలకు చెందిన 20 శాతం కలిపితే సరిగ్గా సగం. సానెట్‌కూ బ్లాంక్ వర్స్‌కూ భేదం, ఫ్రెస్కో వేసే విధానం, ఫ్యూగ్‌లో స్వరాలు ఒకదాని వెంట మరొకటి ప్రవేశించే తీరు, గోతిక్ చర్చి గోడలకు బయటి నుంచి ఆనుకునే కమానుల ప్రయోజనం – ఇవి ఒకసారి అవగతమైతే ఎన్నడూ చూడని కృతికి కూడా పనికివస్తాయి. పట్టిక ఇచ్చే జ్ఞానం పట్టికలో ఉన్న కృతులకే పరిమితం. స్వయంగా చదువుకునేవారికి మొదటి దారి ఎంత కష్టమైనా పరీక్ష తర్వాత కూడా మిగిలేది అదే. రెండోది పరీక్షకు ముందు వారం చూసుకుంటే సరిపోతుంది. సన్నద్ధతా పుస్తకాలు తరచుగా ఈ క్రమాన్ని తలకిందులు చేస్తాయి.

6. తెలుగు విద్యారంగంలో ఈ ప్రశ్న

1982లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇంటర్మీడియట్ లేనివారికి అర్హత పరీక్ష ద్వారా డిగ్రీ ప్రవేశం కల్పించింది. నియత విద్య బయట సంపాదించిన జ్ఞానానికి అది గట్టి గుర్తింపు. అయితే ఆ పరీక్ష డిగ్రీలోకి ద్వారం తెరిచిందే తప్ప డిగ్రీలో కొంత భాగాన్ని ఇవ్వలేదు. క్లెప్‌తో ఉన్న ప్రధాన భేదం ఇదే. 2021లో యు.జి.సి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చిన తర్వాత, పూర్వార్జిత జ్ఞానానికి గుర్తింపు అన్న చర్చ మన కళాశాలలకూ చేరింది.

రేపు తెలుగు సాహిత్యంలో అలాంటి పరీక్ష పెట్టవలసి వస్తే ప్రశ్నల విభజన ఎలా ఉండాలన్నది తెలుగు శాఖలు ముందుగా తేల్చుకోవలసిన విషయం. కళాపూర్ణోదయ కర్త ఎవరని అడిగితే పోటీ పరీక్షల గైడు చదివినవారూ ‘పింగళి సూరన’ అని గుర్తిస్తారు. కవి పేరు చెప్పకుండా ఒక పద్యమిచ్చి, యతిస్థానం చూపమనో, ఉత్పలమాలా చంపకమాలా తేల్చమనో అడిగితే అభ్యర్థి గణవిభజన చేయక తప్పదు. భాగవత పద్యాలు పాడుకుంటూ పెరిగిన గ్రామీణ పాఠకుడికి, హరికథలు విన్న గృహిణికి, యక్షగాన బృందంలో వేషం కట్టిన కళాకారుడికి వచ్చిన చదువు ఈ రెండో రకం ప్రశ్న దగ్గరే బయటపడుతుంది. ఆ ప్రశ్నను కాగితం మీద కాకుండా మౌఖికంగా అడిగితే వారిలో మరికొందరికి న్యాయం జరుగుతుంది. ఒక్కొక్కరి ఎదుట కూర్చుని వినగల పరీక్షకులు ఎందరు కావాలన్న లెక్క అక్కడ మొదలవుతుంది.