పొదిగిన పెట్ట చరిత్ర

కొండవీడు పేరు చెబితే రెడ్డి రాజులు, కొండమీది కోట, వారి కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు గుర్తొస్తారు. ఆయన రాశాడని చెప్పుకునే పల్నాటి వీరచరిత్రలో ఒక కోడిపందెం ఉంది. పన్నెండో శతాబ్దం నాటి కథ అది. ఆ పందెంలో ఓడిన బ్రహ్మనాయుడి పక్షం మాచర్ల విడిచి ఏడేళ్లు వలసపోయింది. చివరికి కారెంపూడిలో యుద్ధం జరిగింది. పల్నాడులో పుట్టినవాళ్లందరికీ ఆ పుంజుల సంగతి తెలుసు. వాటిని పొదిగిన పెట్ట ఏ ఇంటిది, ఆ గుడ్లు ఏరి పొదగేసిన చెయ్యి ఎవరిది అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఈ వ్యాసంలో మనం చూసేది ఆ రెండో సంగతి.

ఇంటి కోడికి ప్రధాన మూలం ఎర్ర అడవికోడి. అయితే పసుపు కాళ్లు, పసుపు చర్మం ఇచ్చే జన్యువు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ పక్షి మన దేశపు అడవులది. నల్లమలలో చెంచులు దాని కూత విని పోల్చగలరు. ఎక్కడో అమెరికాలో ఫారం కోడి కాళ్లు పచ్చగా ఉంటే అందులో మన అడవి వాటా ఉందన్నమాట!

పొదగేయడం మన ఇళ్లలో ఆడవాళ్ల పని. నాటు పెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి, ఒంటి ఈకలు ఉబ్బించుకుని, దగ్గరికెళితే గుర్రుమంటూ గూడు వదలదు. అప్పుడు ఎరుకలవాళ్లు అల్లిన గంపలో ఊకో ఇసుకో పోసి, గుడ్లు పేర్చి పెట్టను కూర్చోబెడతారు. ఉరుములకు గుడ్లు చెడతాయని ఇనుప ముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ పక్కన పెడతారు. ఇనుము ఉరుమును ఆపుతుందని మనం పిల్లలకు చెప్పనక్కర్లేదు. కానీ చివరి రోజుల్లో గుడ్డును గోరువెచ్చని నీళ్లలో వేసి, లోపల పిల్ల కదిలితే గుడ్డు ఊగుతుందని చూసే అవ్వ చేసేది పరీక్షే. ఇరవై ఒక్క రోజుల లెక్క ఆమెకు క్యాలెండరు లేకుండానే తెలుసు.

పెట్ట లేకుండా పొదగడం కూడా నిన్నమొన్నటిది కాదు. ఈజిప్టులో రెండు వేల ఏళ్లకు పైగా ఇటుక పొయ్యిల్లో వేలకు వేలు గుడ్లు పొదిగేవారు. థర్మామీటరు లేదు. గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి పోల్చుకునేవారు. కొన్ని కుటుంబాలు ఆ విద్యను బయటివాళ్లకు చెప్పకుండా దాచుకున్నాయి. దాన్ని చూసి యూరప్‌లో అనుకరించాలని చాలామంది ప్రయత్నించారు. ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు రియోమర్ 1749లో దీనిమీద ఒక పుస్తకమే అచ్చువేశాడు. 1879లో కాలిఫోర్నియాలోని పెటలూమాలో లైమన్ బైస్ తయారుచేసిన యంత్రంతో పొదగడం వ్యాపారమైంది.

అక్కడినుంచి కథ మలుపు తిరిగింది. పొదగడానికి కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టదు. అందుకే కంపెనీలు కూర్చోని పెట్టలనే ఎంచుకుంటూ వచ్చాయి. తెల్ల లెగ్‌హార్న్‌లో పొదిగే గుణం దాదాపు పోయింది. పెంపుడు కౌజుపిట్టదీ అదే గతి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజా రకం పథకాల కింద ఆదివాసీ పల్లెలకు వచ్చింది. బరువు బాగా వస్తుంది, గుడ్లూ ఎక్కువే. కానీ అది పొదగడానికి కూర్చోవడం అరుదు. దాని పిల్లలు తల్లి గుణాలను అలాగే నిలుపుకోవు కూడా. అంటే ప్రతిసారీ పిల్లల కోసం బయటికి చెయ్యి చాచాలి. నాటుకోడి ఉన్న ఇంటికి ఆ అవసరం ఎప్పుడూ లేదు.

ఇంట్లో చేసుకునే పొదిగే పెట్టెను మనం ఈ కోణం నుంచి చూడాలి. థర్మాకోల్ పెట్టె, పాతకాలపు ఫిలమెంటు బల్బు (ఎల్ఈడీ బల్బుకు చాలినంత వేడి రాదు), చిన్న ఫ్యాను, థర్మోస్టాట్, ఒక గిన్నెలో నీళ్లు. వేడి 37.5 డిగ్రీలు నిలవాలి. గుడ్లు వారం దాటినవి కాకూడదు. పద్దెనిమిదో రోజు దాకా రోజుకు మూడు నుంచి ఐదుసార్లు తిప్పాలి. పెట్ట తన ముక్కుతో చేసే పని అదే. తర్వాత తిప్పడం ఆపి తేమ పెంచాలి. ఏడో రోజు చీకట్లో టార్చి వెలుగుకు పెడితే సాలెగూడులా నరాలు కనిపిస్తాయి. తరగతిలో పిండం పాఠానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు.

లాభం ఏమిటంటే, పెట్ట ఇరవై ఒక్క రోజుల పొదుగుడు, ఆపైన రెండు మూడు నెలలు పిల్లల్ని తిప్పే పని తప్పి, తొందరగా మళ్లీ గుడ్లకొస్తుంది. నష్టమూ ఉంది. తల్లి రెక్క కింద దొరికే వెచ్చదనం పిల్లలకు మనమే ఇవ్వాలి. గద్దను చూసి దాక్కోవడం, మట్టి గీరి పురుగు ఏరుకోవడం నేర్పే తల్లి ఉండదు. పెట్టె వచ్చిందని పొదిగే పెట్టలను కోసుకు తినేస్తే, లెగ్‌హార్న్‌కు జరిగింది కొన్ని తరాల్లో మన డేగకూ కాకికీ జరగవచ్చు. అందుకే పెట్టె కొన్న యువకులకు మేము చెప్పేది ఒకటే: బాగా పొదిగి, బాగా పిల్లల్ని కాచే పెట్టలు రెండైనా ఇంట్లో ఉంచండి.

కొండ కింది ఊళ్లలో గాలివానకు కరెంటు పోయిన రాత్రి, పెట్టె చుట్టూ దుప్పటి కప్పి, వేడినీళ్ల సీసాలు లోపల పెడతారు. తెల్లారినా కరెంటు రాకపోతే ఆ గుడ్లు చేరేది గంపలో కూర్చున్న నాటు పెట్ట కిందికే.